నీలం నలభై ఒకటి

ముర్రాటా,
ఆగస్టు 4, 1996.

చెల్లి వెర్నాకి,

అన్న క్లెమ్ రాసేదేమంటే: ఆశీస్సులు పంపితే తిప్పి కొడతావు కాబట్టి పంపడం లేదు. కవరు మీద నా కోడిగీతలు చూసి పొయ్యిలో పడేద్దామనుకుని, సరే ఒక్క వాక్యం చూద్దామని విప్పావు కదా? అయిపోయింది. ఇక రెండోది కూడా చదువు, పాపం అది మాత్రం ఏం చేసింది.

మన ఊరి హాలుకి అక్టోబరు పన్నెండున నూరేళ్ళు. గుర్తుందిగా? లోపల ఆడవాళ్ళ కేకుల పోటీ జరుగుతోందని మనల్ని రానివ్వకపోతే, వాకిట్లో నాన్న గోధుమ లారీ ఎక్కి పాడాం. నీకు పదిహేడు, నాకు ఇరవై రెండు. కెల్విన్ నోస్కె దగ్గర డ్రమ్ములు లేక నూనె పీపాలు బాదాడు. కేకులకి మార్కులు వేసే ముసలమ్మ బయటికొచ్చి, "ఎవర్రా ఈ గలాలు?" అని అరిచింది. తీగల మీద తలకిందులుగా వేలాడుతూ గోల చేసే ఆ గులాబీ రంగు పిట్టల పేరే మన బృందానికి పెట్టేసుకున్నాం. తిట్టుని బోర్డు మీద రాయించుకున్నవాళ్ళం మనమే.

నూరేళ్ళ పండక్కి గలాలు పాడతారా అని ఊరి సంఘం అడిగింది. పాడతారన్నాను. నీ తరఫున కూడా నేనే అన్నాను. పోస్టర్లు అచ్చయిపోయాయి. నీ ఫోటో పాతదే వేశారు, కంగారు పడకు, అందంగానే ఉంది. నాది కొత్తది వేశారు. అందుకు సంఘాన్ని కోర్టుకి లాగుదామనుకుంటున్నాను.

వస్తావు కదూ?

ఇట్లు,
నీ ఒక్కగానొక్క అన్న,
క్లెమ్ పాస్కో.

తా.క.: నిన్న ఎక్స్-రే తీశారు. డాక్టరు దాన్ని చాలాసేపు చూసి నిట్టూర్చాడు. నువ్వేం బెంగ పెట్టుకోకు.


హోబార్ట్,
ఆగస్టు 13.

సకల మాంసపు తట్టల విజేత, గౌరవనీయులు అన్నగారి సముఖానికి,

నేను క్షేమం. స్కూలు బస్సు నడుపుతున్నాను. నలభై మంది పిల్లలు. పాట మధ్యలో లేచి వెళ్ళిపోయేవాడు ఒక్కడూ లేడు.

ఫోటో అచ్చేసినంత తేలిక కాదు అన్నగారూ. మీకు మతిమరుపు కాబట్టి నేనే గుర్తు చేస్తాను. అమ్మ పొలం గేటు దగ్గర నిలబడి మనల్ని తిట్టే తిట్టునే పాట చేశాం: "తెరిచుంటే తెరిచుంచు, మూసుంటే మూసిపో!" ఎనభై ఒకటిలో ఆ పాట దేశం మొత్తం మీద మూడో స్థానంలో ఉంది. పెర్త్ నుంచి వచ్చే లారీ డ్రైవర్లు హారన్లతో దాన్నే కొట్టారు. ఏ ఊళ్ళో దిగినా, నేను మొదటి ముక్క అందుకుంటే మిగతాది జనమే పాడేవాళ్ళు. నాకు సగం గొంతు మిగిలేది.

తరవాత నువ్వు సిడ్నీలో వెండి పాంటు కుట్టించుకున్నావు. కూర్చుంటే చిరుగుతుందని ఇంటర్వ్యూలన్నీ నిలబడే ఇచ్చావు. రెండో రికార్డులో నలభై వయొలిన్లు పెట్టించావు. ఆ రికార్డు మన ఊళ్ళో రెండే అమ్ముడుపోయాయి. ఒకటి అమ్మ కొంది, ఒకటి పశువుల డాక్టరు కొన్నాడు. డాక్టరు తిరిగి ఇచ్చేశాడు. పెద్ద హాళ్ళ నుంచి పబ్బులకి, పబ్బుల నుంచి బౌలింగు క్లబ్బులకి దిగాం.

దిగినా ఫర్వాలేదు. ఎనభై నాలుగులో, అడిలైడ్ పక్కన ఆ క్లబ్బుకి, లండన్ కంపెనీ మనిషి మనకోసమే వచ్చాడు. రెండో చరణం అయింది. ఇక నీ గిటారు ఒక్కటే మోగాలి. అప్పుడు క్లబ్బు సెక్రటరీ మైకులో మాంసం తట్ట లాటరీకి తగిలిన టిక్కెట్టు రంగూ నంబరూ చదివాడు: "నీలం నలభై ఒకటి!" నువ్వు జేబులోంచి టిక్కెట్టు తీసి చూసుకున్నావు. గిటారు కింద పెట్టావు. దిగి వెళ్ళి తట్ట అందుకుని, ప్రపంచ కప్పు గెలిచినవాడిలా నెత్తి మీదికెత్తి నలుదిక్కులా చూపించావు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. లండన్ మనిషి పుస్తకం మూసేశాడు.

పన్నెండేళ్ళయింది. నీ నోటినుంచి నాకు రావాల్సిన మాట ఒకటుంది. చిన్న మాటే. అది వస్తే నేనూ వస్తాను.

ఇట్లు,
వెర్నా.

తా.క.: ఎక్స్-రే సంగతేమిటి? బెంగతో కాదు, ఊరికే అడిగాను.


ముర్రాటా,
ఆగస్టు 21.

చెల్లీ,

నీ ఉత్తరం చేతికి అందింది. చెంపకి కూడా తగిలింది.

లాటరీ ధర్మం తెలిసినదానివి నువ్వే అలా అంటే ఎలా? మూడుసార్లు పిలుస్తారు. మనిషి ఎదురుగా కనపడకపోతే ఇంకో టిక్కెట్టు తీస్తారు. అది చట్టం. ఈ దేశంలో రాజ్యాంగాన్నైనా మార్చొచ్చు గాని దాన్ని మార్చలేరు. పన్నెండు గొర్రె చాపులు, ఎముకతో సహా లావుపాటి ముక్కలు, రెండు కిలోల సాసేజీలు, వాటి మధ్య పచ్చటి ఆకుల కొమ్మ. సెక్రటరీ రెండోసారి పిలిచేశాడు! ఇటు చాపులు, అటు లండన్. చాపులు ఆగవు, లండన్ ఎక్కడికి పోతుంది, ఉన్నచోటే ఉంటుంది కదా అనుకున్నాను. ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాడికి ఇంతకన్నా భూగోళం ఏం తెలుస్తుంది?

అయినా ఆ రాత్రి ఆ లండన్ మనిషి క్లబ్బు వెనక నాతో కలిసి అయిదు చాపులు తిన్నాడు. నువ్వు వ్యాను తీసుకుని వెళ్ళిపోయావు, నీకు తెలీదు.

సరే, పాత సంగతులు ఎందుకు. నా సంగతి వేరే దారి పట్టింది. డాక్టరు ఎక్స్-రేని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "ఎంతకాలం డాక్టరుగారూ?" అన్నాను. "అక్టోబరు దాకా చూద్దాం క్లెమ్" అన్నాడు. అన్నం సయించడం లేదు. బీరు మీద మనసు విరిగింది. నిన్న పబ్బుకి వెళ్ళి నిమ్మరసం తాగి వచ్చాను.

ఆఖరిసారి నీ గొంతు వినాలని ఉంది. అంతే.

ఇట్లు,
నీరసంగా,
క్లెమ్.

తా.క.: గిటారు ఎవరికివ్వాలో తేలడం లేదు. కెల్విన్ కొడుక్కి ఇద్దామంటే వాడికి తండ్రి తాళజ్ఞానమే వచ్చింది.


హోబార్ట్,
ఆగస్టు 30.

అన్నయ్యా,

ముందే ఎందుకు చెప్పలేదురా? ఇలాంటి మాట తా.క.లో రాస్తారా ఎవరైనా?

నువ్వు మంచం దిగకు. ఊనా నోస్కెకి ఈరోజే ఉత్తరం రాశాను. మహిళా సంఘం మొత్తం ఆమె చేతిలో ఉంది. కెల్విన్ పెళ్ళాం కాబట్టి నువ్వంటే కొంచెం మంట ఉన్నా, కష్టంలో మనిషిని వదలదు. నీకు తిండి లోటు లేకుండా చూడమని రాశాను. వాళ్ళేం తెచ్చినా మొత్తం తిను. ఒక్క మెతుకు మిగిల్చావని తెలిసినా నా మీద ఒట్టు.

ఇట్లు,
నీ చెల్లి,
వెర్నా.

తా.క.: నువ్వు పబ్బులో నిమ్మరసం తాగావన్న ముక్క దగ్గర బస్సు పక్కకి ఆపేయాల్సి వచ్చింది. పిల్లలు "ఏమైంది మిస్?" అంటూ రుమాలిచ్చారు.


ముర్రాటా,
సెప్టెంబరు 11.

చెల్లీ వెర్నా,

ఇదేం పని తల్లీ? ఊనాకి రాయమని నిన్నెవరు అడిగారు?

వంటకాలు మొదలయ్యాయి. మొదటి రోజు నాలుగు. రెండో రోజు తొమ్మిది. తూనా చేప మీద మొక్కజొన్న అటుకులు చల్లి కాల్చినది. ఏప్రికాట్ పళ్ళలో మునిగి చచ్చిన కోడి. పసుపుపచ్చ పులుసులో తేలే సాసేజీలు. అన్నీ మూతపెట్టిన గాజు గిన్నెల్లోనే. ప్రతి గిన్నె అడుగున అతికించిన పట్టీ మీద ఇల్లాలి పేరు. ఏ గిన్నె ఎవరిదో చూసి కడిగి, ఇంటికి పట్టుకెళ్ళి ఇవ్వకపోతే ఈ ఊళ్ళో మనిషి చచ్చినా పరువు దక్కదు. నేనేమో మంచం దిగకూడదు! నలభై మూడు గిన్నెలున్నాయి. కాళ్ళు పెట్టడానికి చోటు లేక స్నానాల తొట్టిలో కూడా పేర్చాను.

పోనీ తినకుండా పారేద్దామంటే, ఊనా తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. "తిను క్లెమ్, వెర్నా అడుగుతుంది." నేను తింటాను. "ఇంకొంచెం క్లెమ్." నేను తింటాను. ఇలా అయితే అక్టోబరు దాకా అక్కర్లేదు, రేపే పోతాను.

శనివారం ఫుట్‌బాల్ ఆటకి ముందు రెండు జట్లూ తలలు వంచి నాకోసం ఒక నిమిషం మౌనం పాటించాయి. నేను గ్రౌండ్లోనే ఉన్నాను! కంచె పక్కన నా బండిలో! అవతల ఊరి జట్టు నాకేసి తిరిగి టోపీలు తీసింది. మెకానిక్కు వచ్చి బండి టైర్లు తన్ని చూసి, "మంచి కండిషన్లో ఉంచావు క్లెమ్, దేవుడు నీకు మేలు చేస్తాడు" అని కొలతలు రాసుకుని వెళ్ళాడు.

ఇప్పటికి చాలు. మనిషి కొంచెం కోలుకుంటున్నట్టున్నాడని ఊనాకి ఒక ముక్క రాయి.

ఇట్లు,
ఉబ్బిపోయిన నీ అన్న,
క్లెమ్.

తా.క.: పాస్టరు వచ్చాడు. పాపాలు చెప్పుకోమన్నాడు. పదో క్లాసు పిల్లల గుడారంలో మేకని వదిలిందీ, అతని సైకిలు చర్చి గంట స్తంభానికి కట్టిందీ చెప్పాను. ఇప్పుడు అతను కూడా నన్ను పలకరించడం లేదు.


హోబార్ట్,
సెప్టెంబరు 20.

ప్రియమైన అన్నయ్యకి,

కోలుకుంటున్నట్టు అనిపిస్తుందట చివర్లో. మా బస్సు డిపో ఆయన అన్నాడు. దీపం ఆరేముందు వెలిగినట్టు.

నేను వస్తున్నాను. పన్నెండేళ్ళ పంతం ఒక్క మనిషి ప్రాణం కన్నా ఎక్కువ కాదు. చచ్చిపోయే అన్న కోసం వస్తాను, పాడతాను, చెయ్యి పట్టుకుంటాను. ఇందులో అబద్ధం లేదు కదా? ఎందుకంటే బతికుండే అన్నతో నాకింకా తగువు తీరలేదు. ఆ అన్న చెప్పాల్సిన మాట అలాగే ఉంది.

ఇట్లు,
కన్నీళ్ళతో,
వెర్నా.

తా.క.: శవపెట్టెలో వెండి పాంటు తొడుగుతారా, లేక మీద కప్పుతారా? ఊనా అడుగుతోంది. ఆమెకి ఇస్త్రీ చెయ్యాలట.


ముర్రాటా,
సెప్టెంబరు 27.

వెర్నా,

కూర్చుని చదువు. బస్సులో అయితే ఆపుకుని చదువు.

ఎక్స్-రే నా కాలి బొటనవేలిది. పొలంలో గాలిమర బాగు చేస్తుంటే దాని చక్రం వేలు మీద పడింది. డాక్టరు నిట్టూర్చింది ఈ ఏడాది అది మూడోసారి కాబట్టి. అక్టోబరు దాకా చూద్దామన్నది కట్టు సంగతి. చూశావా, నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నిమ్మరసం తప్ప.

నువ్వు వస్తానంటే ఎగిరి గంతేశాను, ఒంటికాలి మీద. కానీ "ఇందులో అబద్ధం లేదు కదా" అన్నావు చూడు, అక్కడ నా గొంతులో తూనా అడ్డం పడింది. మేకల్నీ సైకిళ్ళనీ ఎన్నిటినో మోసం చేశాను గాని, నిన్ను ఏడిపించి రప్పించుకుంటే ఆ పాట నాకు దక్కదు.

ఇప్పుడు నిజం తెలిసింది. వచ్చెయ్యవే. పోస్టర్లు ప్రతి గోధుమ గోడౌను మీదా ఉన్నాయి. నువ్వు రాకపోతే నన్ను నిజంగానే చంపుతారు. అప్పుడు నీ మాటా నెగ్గుతుంది.

ఇట్లు,
నిక్షేపంలాంటి ఆరోగ్యంతో,
క్లెమ్.

తా.క.: లండన్ మనిషి ఆ చాపులు బావున్నాయన్నాడు. ఇది నీకు ఓదార్పు అవుతుందేమోనని.


హోబార్ట్,
అక్టోబరు 4.

క్లెమ్,

నువ్వు చావడం లేదని తెలిసి సంతోషం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి కూడా. మేక ఉంది, గాలిమర ఉంది, బొటనవేలు ఉంది. నేను వెతుకుతున్న మాట లేదు.

నేను రావడం లేదు.

వెర్నా.

తా.క.: లేదు. తా.క.లో కూడా లేదు.


ముర్రాటా,
అక్టోబరు 14.

ఒసేయ్ వెర్నా,

నువ్వు చేసిన పనికి నిన్ను ఏమని పిలవాలో తెలియక పేరుతోనే పిలుస్తున్నాను. నువ్వు తలుపు తీసుకుని వెళ్ళిపోయాక ఏం జరిగిందో నీకు తెలీదు కాబట్టి రాయాల్సి వస్తోంది. జరిగింది మొదటినుంచీ రాస్తాను. నా తట్టు నుంచి చూస్తే ఎలా ఉందో నీకు తెలియాలి.

శనివారం సాయంత్రం హాలు కిటకిట. కిటికీల మీద కూడా మనుషులే. నీ ఉత్తరం నా జేబులో. కెల్విన్‌కి కూడా చెప్పలేదు. కట్టు కాలితో స్టేజీ ఎక్కి మైకు ముందు నిలబడ్డాను. ఏదో ఒక వేళాకోళం దొరుకుతుందిలే అని నోరు తెరిచాను. నా జన్మలో మొదటిసారి ఒక్కటీ దొరకలేదు.

"మా చెల్లి రాలేదు," అన్నాను. "రాకపోవడం తన తప్పు కాదు. పన్నెండేళ్ళ కిందట తను పాడుతుంటే నడిమధ్యలో వదిలేసి, మాంసం కోసం దిగిపోయాను. దాన్ని జోకు చేసి ఊరూరా చెప్పి నవ్వించాను. తనకి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. తప్పయిపోయిందే వెర్నా. నన్ను క్షమించు."

అప్పుడు వెనక వంటగదిలోంచి, టీ కెటిళ్ళ చప్పుడు మధ్యలోంచి ఒక గొంతు వచ్చింది. "తెరిచుంటే..."

నువ్వు! ఏప్రన్ కట్టుకుని, చేతిలో వెన్న రాసే కత్తి పట్టుకుని! మధ్యాహ్నం నుంచీ అక్కడే బ్రెడ్డు ముక్కలకి వెన్న రాస్తున్నావట కదా, నేను రెండుసార్లు వచ్చి ఆ ముక్కలు దొంగతనంగా తిన్నాను కూడా. జనం చీలి నీకు దారి ఇచ్చారు. ఆ గొంతు, వెర్నా! ఇంకా రేకు కప్పు లేపేసే గొంతే. కెల్విన్ ఏడుస్తూ డ్రమ్ములు కొట్టాడు. ఏడుస్తున్నందుకో ఏమో, మొదటిసారి తాళం కుదిరింది. రెండో చరణం వచ్చేసరికి ఇది ఎనభై ఒకటా, తొంభై ఆరా తెలియలేదు.

సరిగ్గా అప్పుడు ఊనా లేచింది. మనిషికి వేళాపాళా ఉండొద్దూ? "లాటరీ తీస్తున్నాం! నీలం నలభై ఒకటి!"

నువ్వు పాట ఆపావు. ఏప్రన్ జేబులోంచి టిక్కెట్టు తీశావు. మైకు నా చేతిలో పెట్టావు. దిగి వెళ్ళి తట్ట అందుకున్నావు, నెత్తి మీదికెత్తావు, నలుదిక్కులా చూపించావు, నాకేసి ఒక్క కన్ను కొట్టి తలుపు తీసుకుని వెళ్ళిపోయావు. బయట నీ కారు స్టార్టయిన చప్పుడు!

నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. పాట మధ్యలో పెద్ద గొయ్యి. అందులో నేనొక్కణ్ణే. ఆ పది క్షణాలూ ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. నీకు పన్నెండేళ్ళ కిందటే తెలుసు.

ఆ తరవాతదే నువ్వు వినలేదు. ముందు వరసలో కేకుల ముసలమ్మ ఉంది చూడు, తొంభై దాటింది, ఆవిడ కర్ర నేలకేసి కొట్టి, "మూసుంటే మూసిపో!" అని అందుకుంది. హాలు మొత్తం లేచింది. చివరిదాకా వాళ్ళే పాడారు. ఇంకోసారి పాడారు. గొడ్డలి పట్టుకుని వచ్చినా ఆగేట్టు లేరు. నా గిటారు తీగలు రెండు తెగాయి, మిగిలిన నాలుగుతో వాళ్ళ వెనక పరిగెత్తాను. ఏడోసారికి ఎవరో తలుపులు బార్లా తెరిచారు. వీధిలో లారీల హారన్లు కూడా కలిశాయి. సిడ్నీలో కూడా మనకి ఇలా జరగలేదే.

ఒక్కటి అడుగుతాను. నేను కూడా పది టిక్కెట్లు కొన్నాను. ఒక్కటీ తగల్లేదు. నీకు మాత్రం, అదీ నీలం నలభై ఒకటే, ఎలా తగిలింది?

ఇట్లు,
ఓడిపోయి కూడా నవ్వు ఆపుకోలేని నీ అన్న,
క్లెమ్.

తా.క.: క్షమాపణ నువ్వు విన్నట్టే కదా? ఇంకోసారి చెప్పాలంటే కష్టం. మొదటిదానికే గొంతు పట్టేసింది.


హోబార్ట్,
అక్టోబరు 21.

మా అన్న క్లెమ్‌కి,

విన్నాను. చేతిలో ఉన్న బ్రెడ్డు ముక్కకి రెండువైపులా వెన్న రాసేశాను.

నాకెలా తగిలిందని అడిగావు కదా. ఆ రాత్రి అమ్మిన టిక్కెట్ల పుస్తకం ఒక్కటే. మొదటి టిక్కెట్టు నుంచి చివరిదాకా నేనే కొన్నాను. ఊనా చెయ్యి కూడా పెట్టి తియ్యలేదు, నేను చెప్పిన నంబరు, నేను చెప్పిన చోట చదివింది. నీకు అమ్మినవి పోయిన క్రిస్మస్ లాటరీవి. చూసుకో, వెనక తేదీ ఉంటుంది.

నీ బొటనవేలికి ఎక్స్-రే తీసిన పిల్ల కెల్విన్ చెల్లెలు. నీ మొదటి ఉత్తరం నాకు చేరేలోపే ఊరందరికీ తెలుసు. పబ్బులో నిమ్మరసం అనగానే నాకూ తెలిసిపోయింది. నవ్వు ఆపుకోలేక బస్సు పక్కకి తీశాను, రుమాలు అందుకే. ఇక ఊనాకి రాసిన ఉత్తరంలో ఒకటే అడిగాను: "ముర్రాటాలో వాడి చేతిలో ఒక్కసారైనా ఎగతాళి అవ్వనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" లేరట. అందరూ సంతోషంగా గిన్నెలు తీశారు. ఆ తూనా వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరూ తినరట. నిమిషం మౌనం అవతల ఊరి కెప్టెన్ ఆలోచన, వాడి ట్రాక్టరుకి గులాబీ రంగు పూసింది నువ్వే కదా. పాస్టరు మాత్రం పాపం నిజంగానే వచ్చాడు. అతనికి ఎవరూ చెప్పలేదు.

రానని రాసింది మాత్రం నాటకం కాదు. ఆ నాలుగో తేదీన నిజంగానే రానని అనుకున్నాను. కానీ నీ ఉత్తరం నాలుగోసారి చదివితే, "నిన్ను ఏడిపించి రప్పించుకుంటే ఆ పాట నాకు దక్కదు" అన్న ముక్క ఉంది. అది నేను వెతికిన మాట కాదు గాని, దాని పక్కింట్లో ఉంటుంది. అందుకని వంటగది దాకా వచ్చి చూద్దామనుకున్నాను. మిగతాది నువ్వు చెప్పావు.

మాంసం ఐసుపెట్టెలో పెట్టుకుని ఓడ ఎక్కాను. చాపులు పన్నెండూ ఫ్రీజరులో అలాగే ఉన్నాయి. ఒక్కదాన్నే తినలేను. నవంబరు తొమ్మిదికి ఇక్కడి బౌలింగు క్లబ్బులో గలాలు పాడుతున్నారు. నీ తరఫున నేనే ఒప్పుకున్నాను. పోస్టర్లు అచ్చయిపోయాయి. ఆ తరవాతి వారం లాన్సెస్టన్, ఆ తరవాత డెవన్‌పోర్ట్. కెల్విన్ రెండు వారాలు సెలవు పెట్టాడు. తీగలు కొత్తవి వేయించుకుని రా.

వచ్చేటప్పుడు మా గేటు తెరిచే ఉంటుంది. ఎలా ఉంచాలో నీకు తెలుసు.

ఇట్లు,
నీ చెల్లి,
వెర్నా.

తా.క.: ఇక్కడి క్లబ్బు లాటరీలో పంది తొడ పెడుతున్నారు, మొత్తంగా. ఈసారి నీకు తగిలితే నేను ఆగి నిలబడతాను, తెచ్చుకో. కానీ చరణం అయ్యాక.